అణువుల ఆకృతి – ఎలక్ట్రానుల పాత్ర

మైలతుత్తమును ఎరుగని రైతు ఉండడు. సున్నముతో కలిపి నిమ్మతోటలలోను, తమలపాకు తోటలలోను తెగుళ్లకు చల్లెడి ఆ నీలి పలుకులు చాలమంది చూచినవే. వానిని గాజు గొట్టములో వేసి కాచినచో అందలి నీరు ఆవిరియై పోవును. నీలివన్నె క్రమముగా తరిగి తుదకు తెల్లని పొడి మిగులును. ఆ పొడిమీద రెండు చుక్కలు నీరు వేసినచో నీలిరంగు మరల వచ్చును. ఇందులో రాగి ఎచ్చటికిని పోలేదు, సల్ఫేటును పోలేదు. పోయినదియు, తిరిగి వచ్చినదియు నీరు మాత్రమే. నీటికి రంగు లేదు. రంగు లేనిది పోయినంతనే ఉన్న రంగు ఏల పోవలెను?

ఆ నీలిరంగు కేవలము రాగిది కాదు, నీటిది అసలే కాదు. రాగి చుట్టు నీటి అణువులు నిలిచియున్న తీరు వలన కలిగినది. ఆ తీరు చెదరినచో రంగును చెదరును. అట్లైన ఆ తీరును నిర్ణయించునది ఏది? రాగి చుట్టు ఒక తీరున, ప్లాటినము చుట్టు మరియొక తీరున, మన రక్తములోని ఇనుము చుట్టు ఇంకొక తీరున పొరుగు అణువులు ఏల అమరును? ఈ ప్రశ్నకు సమాధానము లోహములోని ఎలక్ట్రానుల లెక్కలో ఉన్నది. ఆ లెక్కను తెలిసికొనుటయే నేటి మన విషయము.

టైటానియము, క్రోమియము, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి, ప్లాటినము మున్నగు వానిని పరివర్తన లోహములందురు. వీని అయానులు ఒంటరిగా ఉండనొల్లవు. నాలుగో ఆరో అణువులనుగాని, అయానులనుగాని చుట్టు చేర్చుకొని ఒక కుదురుగా నిలుచును. అట్లు చేరిన పొరుగులకు లైగాండులని పేరు. లోహమును, దాని పొరుగులను కలిపి సంశ్లిష్టమందురు. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబినులో ఇట్టి కుదురు కలదు. బి-12 విటమినులో కోబాల్టు చుట్టు కలదు. ఉంగరములోని కెంపులో క్రోమియము చుట్టు కలదు. క్యాన్సరుకు వాడెడి ఒక ప్రసిద్ధమైన మందులో ప్లాటినము చుట్టు కలదు. ఈ మందు విషయములో, అవే పరమాణువులు అంతే సంఖ్యలో ఉండియు, అమరిక మాత్రము మారినచో మందు మందు కాకపోవును. కనుక ఆకృతి అనునది పండితుల ముచ్చట మాత్రమే కాదు.

ఈ ఆకృతులను మొదట ఊహించినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఇతడు 1866లో ఆల్సేసు ప్రాంతమున జన్మించి, స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమున పని చేసెను. ఆనాటి రసాయనజ్ఞులను కోబాల్టు లవణములు మిక్కిలి చిక్కుపెట్టుచుండెను. కోబాల్టు క్లోరైడు తనంతట తాను తృప్తి చెందిన లవణము. అమ్మోనియాయు తృప్తి చెందిన అణువే. అయినను ఈ రెండును కలియుచున్నవి. ఆరు అమ్మోనియాలు చేరిన లవణము పసుపు పచ్చన. ఐదు చేరినది ఊదావన్నె. నాలుగు చేరినది ఆకుపచ్చన. వీని ద్రావణములలో సిల్వర్ నైట్రేటు వేసినచో మొదటిదానిలోని మూడు క్లోరినులును తెల్లని అవక్షేపముగా దిగిపోవును. రెండవదానిలో రెండు మాత్రమే దిగును. మూడవదానిలో ఒక్కటియే దిగును. మిగిలిన క్లోరినులను ఎవరు పట్టి ఉంచుచున్నారు?

కోపెన్‌హాగెను నగరములోని యోర్గెన్సెన్ అను మహాప్రయోగశీలి, అమ్మోనియా అణువులు ఒకదాని వెనుక ఒకటిగా గొలుసు కట్టినవని చెప్పెను. 1893లో వెర్నర్, అప్పటికి ఇరువదియారేండ్లవాడు, గొలుసులు లేవనెను. కోబాల్టు నడుమనుండగా దాని చుట్టు ఆరు తావులున్నవి; ఆ ఆరు తావులలో ఉన్నవాటిని లోహము గట్టిగా పట్టుకొనును; వెలుపలనున్న క్లోరినులు మాత్రమే సులభముగా విడివడును అని అతని వాదము. పసుపు లవణములో ఆరు తావులను అమ్మోనియాయే ఆక్రమించినది. కనుక క్లోరినులు మూడును వెలుపలనే ఉన్నవి. ఆకుపచ్చని దానిలో నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరినులు లోపల నున్నవి. వెలుపల మిగిలినది ఒక్కటే.

ఆ ఆరు తావులు ఎట్లున్నవో ఊహించుటకు, పొడవు వెడల్పు ఎత్తు సమానముగానున్న ఒక గదిని తలచుకొనుడు. గది నట్టనడుమ దీపము వ్రేలాడుచున్నది. నాలుగు గోడల నడిమి తావులు నాలుగు, కప్పు నడిమి తావు ఒకటి, నేల నడిమి తావు ఒకటి, వెరసి ఆరు. దీపము లోహము, ఆరు తావులలో ఉన్నవి పొరుగులు. ఈ ఆకృతిని అష్టముఖి అందురు. ఈ గదిని జ్ఞాపకముంచుకొనుడు. దానితో ఇంకను పని ఉన్నది.

అష్టముఖియని వెర్నర్ నిశ్చయించుటకు కారణమొక చిన్న లెక్క. ఆరు తావులలో నాలుగింట అమ్మోనియాను, రెండింట క్లోరినును ఉంచవలెననినచో ఈ గదిలో రెండు విధములే ఉన్నవి. క్లోరినులు రెండును పక్కపక్కనే ఉండవచ్చును. లేదా ఎదురెదురుగా ఉండవచ్చును. ఆరు తావులును ఒకే తలముమీద షడ్భుజముగా ఉన్నచో మూడు విధములు రావలెను. కావున అదే కూర్పుగల లవణములు రెండే ఉండవలెను, మూడవది ఉండరాదు. ఆకుపచ్చని లవణము అప్పటికే తెలియును. దాని జతయైన రెండవది ఎచ్చట? పదునాలుగేండ్లు అది దొరకలేదు. 1907లో వెర్నర్ దానిని తయారు చేసి చూపెను, అది ఊదారంగుది. యోర్గెన్సెన్ తన గొలుసుల వాదమును విడిచిపెట్టెను. వెర్నర్ వాదమునకు ఆధారమైన లవణములలో అనేకము యోర్గెన్సెన్ ఎంతో శ్రమపడి శుద్ధి చేసి వర్ణించినవే. 1913లో వెర్నరునకు నోబెల్ బహుమానము లభించెను.

వెర్నర్ ఆకృతిని కనుగొనెనే కాని కారణమును చెప్పలేదు, చెప్పుటకును వీలులేదు. అతడు తన సిద్ధాంతమును ప్రకటించిన నాలుగేండ్లకు, 1897లో, జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనెను. కారణము తెలియుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను.

పరమాణువులో ఎలక్ట్రాను ఇదిగో ఇచ్చట నున్నదని చుక్క పెట్టి చూపలేము. ఫలానా ప్రాంతమున ఉండుటకు అవకాశమెక్కువ అని మాత్రమే చెప్పగలము. అట్టి ప్రాంతమునకు ఆర్బిటాలని పేరు. ఒక్కొక్క ఆర్బిటాలులో రెండు ఎలక్ట్రానులకు మించి పట్టవు. పరివర్తన లోహములకు ముఖ్యమైనవి డి-ఆర్బిటాళ్లు, ఇవి ఐదు. లోహము ఒంటరిగా నున్నప్పుడు ఐదింటికిని శక్తి సమానమే. పొరుగులు వచ్చి చేరినప్పుడు ఆ సమానత్వము పోవును.

మన గదిని మరల చూడుడు. ఐదు ఆర్బిటాళ్లలో రెండు గదిలోని ఆరు తావులవైపే ముఖము పెట్టియున్నవి: ఒకటి ముఖ్యముగా కప్పు, నేల వైపునకు, మరియొకటి నాలుగు గోడలవైపునకు. తక్కిన మూడును గోడ గోడతోను, గోడ కప్పుతోను, గోడ నేలతోను కలిసెడి అంచులవైపు చూచుచున్నవి. పొరుగులు తమ ఋణవిద్యుత్తుగల వైపును లోహమువైపునకు త్రిప్పి నిలుచును. ఎలక్ట్రానును ఋణవిద్యుత్కణమే. సజాతులు వికర్షించుకొనును గదా! కావున పొరుగులకు ఎదురుగానున్న రెండు ఆర్బిటాళ్లలో ఎలక్ట్రాను ఉండుట కష్టము. వాని శక్తి పెరుగును. అంచులవైపు చూచు మూడింటిలో ఉండుట సులభము. వాని శక్తి తగ్గును. ఇట్లు ఐదు ఆర్బిటాళ్లు క్రింద మూడుగా, పైన రెండుగా చీలును. 1929లో హాన్స్ బేథె అను జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు స్ఫటికములలోని అయానులను గూర్చి గణితముతో నిరూపించిన విషయమిదే. దీనికి స్ఫటిక క్షేత్ర సిద్ధాంతమని పేరు. అమెరికాలో వాన్ వ్లెక్ దీనిని లోహలవణముల అయస్కాంత గుణములకు అన్వయించెను.

రంగు పుట్టునది ఈ చీలికలోనే. క్రిందనున్న ఎలక్ట్రాను తగినంత శక్తిగల వెలుగును మ్రింగి పైకి ఎగురును. మ్రింగబడిన వన్నె పోగా మిగిలిన వన్నెలు మన కంటికి అందును. నీటిలోనున్న టైటానియము అయానులలో ఒకజాతికి డి-ఎలక్ట్రాను ఒక్కటే. అది తెల్లని వెలుగులోని ఆకుపచ్చని భాగమును గ్రహించుటచేత ద్రావణము ఊదావన్నెగా కనబడును. కెంపునకు ఎరుపు, పచ్చకు ఆకుపచ్చ వచ్చుట మరింత చిత్రము. రెండింటిలోను రంగునకు కారణము క్రోమియమే. రెండింటిలోను దాని చుట్టు ఆరు ఆక్సిజనులే. కెంపులో పొరుగుల ఒత్తిడి కొంచెము ఎక్కువ, పచ్చలో కొంచెము తక్కువ. ఆ స్వల్ప భేదమే చీలికను మార్చి ఒకదానిని ఎర్రగాను, ఒకదానిని పచ్చగాను చేసినది.

ఇక ఎలక్ట్రానులు ఈ ఆర్బిటాళ్లలో సర్దుకొనెడి పద్ధతి. ఒక సత్రములో ఐదు మంచములున్నవనుకొనుడు. క్రింద మూడు, మేడమీద రెండు. మంచమునకు ఇద్దరు పట్టుదురు. బాటసారులు ఒక్కొక్కరుగా వచ్చుచున్నారు. మొదటి ముగ్గురు క్రింది మంచములను తలకొకటి తీసికొందురు. నాలుగవవాడు ఏమి చేయవలెను? మెట్లు తక్కువైనచో మేడయెక్కి ఒంటరి మంచము చూచుకొనును. మెట్లు మరీ నిట్టనిలువుగా ఉన్నచో ఎక్కలేక క్రిందనే మరియొకనితో పంచుకొనును. ఎలక్ట్రానుల నడవడియు ఇట్టిదే. చీలిక చిన్నదైనచో విడివిడిగా ఉండును. పెద్దదైనచో క్రిందనే జతగూడును. ఒంటరి ఎలక్ట్రానులున్న పదార్థమును అయస్కాంతము ఆకర్షించును. అన్నియు జతగూడినచో ఆకర్షించదు. అందుచేత త్రాసును, అయస్కాంతమును పెట్టుకొని ఎలక్ట్రానులు ఎట్లు సర్దుకొన్నవో శాస్త్రజ్ఞులు తెలిసికొనగలరు.

మొదట అనుకొన్న మైలతుత్తమునకు ఇప్పుడు వత్తము. అందలి రాగి అయానులో డి-ఎలక్ట్రానులు తొమ్మిది. క్రింది మూడు మంచములు ఆరుగురితో నిండినవి. మిగిలిన ముగ్గురును మేడమీద. అక్కడ ఒక మంచమున ఇద్దరు, ఒక మంచమున ఒక్కడు. ఇచ్చటనే సమతూకము తప్పినది. సాధారణముగా కప్పు, నేల వైపునకు చూచు ఆర్బిటాలులో రెండు ఎలక్ట్రానులును, గోడలవైపు చూచుదానిలో ఒకటియు ఉండును. అందుచేత కప్పు, నేల వద్దనున్న పొరుగులు ఎక్కువ వికర్షణకు లోనై దూరము జరుగును. నాలుగు గోడలవద్దివి దగ్గరకు వచ్చును. గది నిలువుగా సాగినట్లగును. ఎలక్ట్రానులు ఇట్లు ఎక్కువతక్కువలుగా సర్దుకొన్నప్పుడు ఆకృతి చెదరక తప్పదని యాన్, టెల్లర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1937లో నిరూపించిరి.

1934లోనే బీవర్స్, లిప్సన్ అనువారు ఎక్సురేలతో మైలతుత్తపు స్ఫటికమును పరిశోధించియుండిరి. సెంటీమీటరులో పదికోట్లవ వంతును ఆంగ్‌స్ట్రామ్ అందురు. రాగి చుట్టు నాలుగు నీటి అణువులు సుమారు 2 ఆంగ్‌స్ట్రాముల దూరమున చతురస్రముగా నున్నవి. పైన, క్రింద సల్ఫేటు ఆక్సిజనులు రెండు సుమారు 2.4 ఆంగ్‌స్ట్రాముల దూరమునకు జరిగియున్నవి. సూత్రములో ఐదు నీళ్లున్నను, ఐదవ నీరు రాగిని తాకుటయే లేదు; అది సల్ఫేటును, తక్కిన నీటిని పట్టుకొని నడుమ నిలిచినది. అందుకే కాచినప్పుడు నీరంతయు ఒక్కసారిగా పోక విడతలుగా పోవును. చివరి నీరు 200 డిగ్రీలు దాటినగాని విడువదు. నీరంతయు పోయిన పిమ్మట రాగికి మిగిలిన పొరుగులు సల్ఫేటు ఆక్సిజనులే. వీని ఒత్తిడి తక్కువ, చీలిక చిన్నది. అప్పుడు మ్రింగబడు కిరణములు కంటికి కనబడని పరారుణ కిరణములు. కావున పొడి తెల్లగా తోచును. రాగి పక్కనే ఉన్న జింకునకు డి-ఎలక్ట్రానులు పది, మంచములన్నియు నిండినవి. ఎగురుటకు చోటులేదు, అందుచే జింకు సల్ఫేటు నీరున్నను తెల్లనిదే, పోయినను తెల్లనిదే. ఏ ఆకృతిమీదను జింకునకు పట్టుదలయు లేదు. పొరుగుల పరిమాణమునుబట్టి నాలుగింటితోనో ఆరింటితోనో సర్దుకొనును.

నాలుగే పొరుగులున్నప్పుడు రెండు ముఖ్యమైన ఆకృతులు కలవు. గదికి ఎనిమిది మూలలున్నవి గదా. వానిలో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు మూలలయందు నిలుచుట మొదటిది. దీనిని చతుర్ముఖి అందురు. నాలుగు గోడల నడుమ మాత్రమే నిలిచి, కప్పును నేలను ఖాళీగా విడుచుట రెండవది. ఇది సమతల చతురస్రము. మూలలయందు నిలిచినప్పుడు పొరుగులు ఏ ఆర్బిటాలునకును సూటిగా ఎదురుపడవు. అంచులవైపు చూచునవే కొంత దగ్గర. అందుచేత చీలిక తలక్రిందులగును, చిన్నదియు అగును. కోబాల్టు క్లోరైడు నీటి ద్రావణము గులాబివన్నె. అందు కోబాల్టు చుట్టు ఆరు నీళ్లున్నవి. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోసినచో నీటిని త్రోసి నాలుగు క్లోరైడులు మూలలయందు చేరును. ద్రావణము చిక్కని నీలమగును. ఒకే లోహము, రెండు ఆకృతులు, రెండు రంగులు.

నికెలు ఈ రెండు ఆకృతులకు చక్కని ఉదాహరణము. దాని అయానులో డి-ఎలక్ట్రానులు ఎనిమిది. నాలుగు క్లోరైడులు చేరినచో చతుర్ముఖియగును, అయస్కాంతము ఆకర్షించును. నాలుగు సయనైడులు చేరినచో సమతల చతురస్రమగును, అయస్కాంతము ఆకర్షించదు. ఇట్లు అయస్కాంత గుణమునుబట్టి ఆకృతిని చెప్పవచ్చునని 1931లో లైనస్ పౌలింగ్ సూచించెను. ఇందలి కారణము రాగికి చెప్పినదే. ఇచ్చట కొసవరకు సాగినది. కప్పు, నేల పొరుగులు దూరము జరుగుటయే కాక పూర్తిగా వెడలిపోయినవి. అప్పుడు వానికెదురుగా నున్న ఆర్బిటాలు క్రిందకు దిగును. నాలుగు గోడల కెదురుగా నున్నది ఒక్కటియే చాల ఎత్తున మిగులును. ఎనిమిది ఎలక్ట్రానులు క్రింది నాలుగు మంచములలో జతలుగా సరిపోవును. ఆ ఎత్తైన మంచము ఖాళీ. సయనైడువలె గట్టి ఒత్తిడిగల పొరుగులకు ఈ ఏర్పాటు ఎంతో లాభము. క్లోరైడువంటి మెత్తని పొరుగులకు లాభము చాలదు.

నికెలు వరుసలోనే క్రిందనున్న ప్లాటినమునకును ఈ స్థితిలో ఎలక్ట్రానులు ఎనిమిదే. కాని ఈ పెద్ద లోహములలో చీలిక స్వభావముననే అధికము. కావున పొరుగులు క్లోరైడులైనను సరే, సమతల చతురస్రమే. రెండు అమ్మోనియాలు, రెండు క్లోరినులు గల ప్లాటినపు లవణమొకటి 1844లో పేరోనే అను ఇటలీ శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. అదే కూర్పుతో మరియొక లవణమును కలదు. చతుర్ముఖియైనచో ఇట్టి జత సాధ్యము కాదు. మూలలలో ఏ రెండింటిని పట్టినను పక్కపక్కవే. చతురస్రములో క్లోరినులు పక్కపక్కనైనను ఉండవచ్చును, ఎదురెదురుగానైనను ఉండవచ్చును. జత ఉన్నది కనుక ఆకృతి చతురస్రమేయని 1893లో వెర్నర్ తీర్మానించెను.

ఈ లవణము నూట యిరువది సంవత్సరములు రసాయనజ్ఞుల అలమరలలోనే పడియున్నది. 1960 దశకమున అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాలపై విద్యుత్తు ప్రభావమును పరిశీలింప దలచి, ద్రావణములో ప్లాటినము పలకలనుంచి కరెంటు పంపెను. బాక్టీరియాలు విభజన మాని, సాధారణముకంటె 300 రెట్ల వరకు పొడవైన దారములుగా సాగెను. కారణము కరెంటు కాదు; పలకలనుండి కరిగి, ద్రావణములోని అమ్మోనియా, క్లోరైడులతో కూడిన ప్లాటినమని తేలెను. ఈ సంగతి 1965లో ప్రకటితమయ్యెను. కణములు విభజన మానుట క్యాన్సరు చికిత్సలో కోరదగినదే గదా! 1969లో ఎలుకలలోని కంతులపై పనిచేయుచున్నట్లు చూపిరి. 1978లో అమెరికా ప్రభుత్వము దానిని ఔషధముగా అంగీకరించెను. సిస్‌ప్లాటిన్ అని దాని పేరు. క్లోరినులు పక్కపక్కనున్న రూపమే మందు. ఎదురెదురుగా నున్న రూపము మందుగా పనికిరాలేదు.

ఏల? రక్తములో క్లోరైడు సమృద్ధిగా నుండుటచే మందులోని క్లోరినులు కదలక ఉండును. కణము లోపల క్లోరైడు తక్కువ. అచ్చట క్లోరిను తొలగి నీరు చేరును. ఆ నీటి స్థానమున డి.ఎన్.ఏ. పేటలోని గ్వానిను అను భాగము వచ్చి ప్లాటినమును పట్టుకొనును. పక్కపక్కనున్న రెండు తావులును పక్కపక్కనున్న రెండు గ్వానినులకు సరిగా అందును, డి.ఎన్.ఏ. పేట అచ్చట వంగిపోవును. కణము తన ప్రతిని వ్రాసికొనలేక నశించును. ఎదురెదురు తావులు అట్లు ఇరుగుపొరుగు గ్వానినులను అందుకొనలేవు. వృషణముల క్యాన్సరు ఒకప్పుడు వ్యాపించినచో ప్రాణాంతకమే. సిస్‌ప్లాటిన్ వచ్చిన తరువాత అట్టి రోగులలోను అధికసంఖ్యాకులు స్వస్థులగుచున్నారు. ఈ మందు మూత్రపిండములకు హాని చేయగలదు, తీవ్రముగా వాంతులు కలిగించును. కావున వైద్యులు మిక్కిలి జాగ్రత్తతో వాడుదురు. ఎనిమిది ఎలక్ట్రానులు ప్లాటినమును చదునుగా నుంచినవి కనుకనే ఈ రెండు రూపములు వేరుగా నిలిచినవి. వేరుగా నిలిచినవి కనుకనే మందు లభించినది.

మన దేహములోనే ఇంతకంటె నిత్యమైన ఉదాహరణమున్నది. హీమోగ్లోబిను అణువులో నాలుగు ఇనుములున్నవి. ఒక్కొక్క ఇనుము చుట్టు నాలుగు నైట్రోజనులుగల చదునైన వలయము. క్రిందినుండి హిస్టిడీను అను భాగము ఐదవ పొరుగు. ఆరవ తావు ప్రాణవాయువునకై ఖాళీ. ఇనుములో డి-ఎలక్ట్రానులు ఆరు. ప్రాణవాయువు లేనప్పుడు చీలిక చిన్నది. ఎలక్ట్రానులు మేడమీది మంచములనుకూడ ఆక్రమించును. అందుచే పొరుగులు దగ్గరగా రాలేవు. ఇనుము వలయపు రంధ్రములో ఇమడక సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్ హిస్టిడీను వైపునకు జరిగియుండును. ప్రాణవాయువు చేరగానే చీలిక పెద్దదై ఎలక్ట్రానులు క్రిందకు దిగును. పొరుగులకెదురైన ఆర్బిటాళ్లు ఖాళీ అగుటచే ఇనుము వలయములో చక్కగా ఒదుగును. ఒదుగుచు హిస్టిడీనును తనతో లాగును. ఆ చిన్న లాగుడు అణువంతయు ప్రాకి, తక్కిన ఇనుములు ప్రాణవాయువును మరింత సులభముగా గ్రహించునట్లు చేయును. ఊపిరితిత్తులలో నిండుగా గ్రహించి, కండరములలో నిండుగా విడుచుటకు ఇదియే సాధనము. హీమోగ్లోబిను నిర్మాణమును తేల్చి 1962లో నోబెల్ బహుమానము పొందిన పెరుట్జ్, 1970లో ఈ వివరణను ప్రతిపాదించెను.

ఎలక్ట్రానుల ఈ మార్పును అయస్కాంతము చాల ముందుగానే పట్టినది. ప్రాణవాయువులేని రక్తమును అయస్కాంతము ఆకర్షించుననియు, ప్రాణవాయువుతో కూడినదానిని ఆకర్షించదనియు 1936లో పౌలింగ్, కోర్యెల్ కనుగొనిరి. 1990లో సేజి ఒగావా ఈ భేదమునే ఉపయోగించి, మెదడులో రక్తపు ప్రాణవాయు స్థితిని ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూడవచ్చునని చూపెను. మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో చిత్రించెడి నేటి పరీక్షలకు ఇది మూలము.

ఆ ఆరవ తావునకు ప్రాణవాయువుతో పోటీపడు వాయువొకటి ఉన్నది: కార్బన్ మోనాక్సైడు. ఇది ఇనుమును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. రంగు, వాసన లేని ఈ వాయువు బొగ్గు సరిగా మండనప్పుడు పుట్టును. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట, మూసిన చోట జనరేటరు నడుపుట ప్రాణాపాయమని చెప్పుటకు కారణమిదే.

ఈ కార్బన్ మోనాక్సైడే మన సిద్ధాంతమునకును ఒక చిక్కు తెచ్చినది. జపాను శాస్త్రజ్ఞుడు సుచిద 1938లో పొరుగులను అవి కలిగించెడి చీలికనుబట్టి వరుసగా పేర్చెను. అట్లు పేర్చిన వరుసలో విద్యుదావేశముగల క్లోరైడు మెత్తనివానిలో ఉన్నది. ఆవేశములేని నీరు దానికంటె గట్టిది. ఆవేశములేని కార్బన్ మోనాక్సైడు అన్నిటికంటె గట్టివానిలో ఒకటి. కేవలము వికర్షణయే కారణమైనచో ఇట్లుండరాదు. వాస్తవమునకు లోహమును పొరుగును ఎలక్ట్రానులను ఇచ్చిపుచ్చుకొనుచు ఉమ్మడి ఆర్బిటాళ్లు నిర్మించుకొనును. కార్బన్ మోనాక్సైడు తన ఎలక్ట్రానులను ఇచ్చుటయే కాక, లోహపు ఎలక్ట్రానులకు తనలోను చోటు ఇచ్చును. పట్టు అందుచేత బిగియును. పొరుగులు మరీ స్థూలమైనవైనచో ఆరింటికి చోటు చాలక నాలుగింటితో ఆగవలసివచ్చును. కనుక ఎలక్ట్రానులు ఆకృతిని నిర్ణయించుననినప్పుడు, చోటును, పొరుగుల స్వభావమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. అయినను గదియు, మంచములును మనకు నేర్పిన మూడింటి, రెండింటి చీలిక ఈ విస్తృత సిద్ధాంతములోను చెక్కుచెదరక నిలిచియున్నది.

వెర్నర్ కాలమున ఒక లవణమునకు ఎన్ని జతలున్నవో లెక్కించి ఆకృతిని ఊహించిరి. నేడు ఎక్సురేలతో దూరములను కొలుచుచున్నారు. కంప్యూటరులతో ఎలక్ట్రానుల శక్తులను గణించుచున్నారు. క్రొత్త మందునకుగాని, పరిశ్రమలలో వాడెడి క్రొత్త ఉత్ప్రేరకమునకుగాని లోహమును ఎన్నుకొనువారు నేటికిని మొదట రెండు ప్రశ్నలే వేసికొందురు. ఈ లోహములో డి-ఎలక్ట్రానులు ఎన్ని? దాని చుట్టు చేర్చబోవు పొరుగులు ఎట్టివి? ఈ రెండింటికి జవాబు తెలిసినచో రాగి నాలుగింటిని ఏల దగ్గరకు తీసికొన్నదో, ప్లాటినము ఏల చదునుగా నిలిచినదో, రక్తములోని ఇనుము ప్రతి ఊపిరికిని ఏల కదలుచున్నదో చాలవరకు చెప్పవచ్చును.